కాలు తియ్యకు వదినా

పొద్దున్నే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, టైలరమ్మ తన తల్లి మోకాలికి పట్టీ చుడుతోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి వారం వారం ఆవిడను ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది తనే. అందుకోసమే నలభై దాటాక పట్టుబట్టి కారు నేర్చుకుంది. నేర్పింది కట్టుకున్నవాడే. ఆయన బస్సు డ్రైవరు.

"టాక్సీకి చెప్పనామ్మా?" అంది.

"అల్లుడుగారు ఇంకా తాళం ఇవ్వలేదా?"

టైలరమ్మ తల వంచుకుని పట్టీ బిగించింది. కిందటి వారం అమ్మను తీసుకెళ్తుంటే పెద్ద కూడలి మధ్యలో కారు ఉన్నట్టుండి చతికిలబడింది. ఎంత తొక్కినా ముందుకు పోలేదు. వెనక నుంచి లారీ ఒకటి హారన్ మోగిస్తూ మీదికొచ్చి, వెంట్రుకవాసిలో పక్కకు తప్పుకుంది. కాసేపటికి కారు ఏమీ ఎరగనట్టు కదిలింది. మర్నాడు ఆయన బ్యాటరీ తీగలు విప్పి, తుడిచి, బిగించి, ఊరంతా తిప్పి చూశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. "బండికేం రోగం లేదు. కంగారులో నువ్వే ఏదో తొక్కావు," అంటూ తాళం జేబులో వేసుకున్నాడు.

మొదట్లో ఆమె వాదించింది. తర్వాత వాదించే ఓపిక పోయింది. మిషను ముందు కూర్చున్నప్పుడల్లా తన కుడికాలి వంక అనుమానంగా చూసుకునేది. నిజంగానే ఈ కాలు తన మాట వినలేదా? అమ్మ ప్రాణం మీదకి తెచ్చింది తనేనా? ఆ రోజు టాక్సీలో వెళ్లొచ్చాక ఆ దిగులు తట్టుకోలేక, కార్ల గ్యారేజీలో మెకానిక్‌గా చేస్తున్న ఆడపడుచుకు ఫోన్ చేసింది.

ఆడపడుచు సెలవు చూసుకుని ఆ పూటే దిగింది. చేతిలో టీవీ రిమోట్ కన్నా కాస్త పెద్ద పెట్టె, దానికో తీగ. కారు లోపాలు చూపించే స్కానరది.

"నా మాట చాలక చెల్లెల్ని పిలిపించావా?" అన్నాడు డ్రైవరు గుమ్మంలోనే.

"పుట్టింటికి రావడానికి నీ అనుమతి కావాలా అన్నయ్యా? తాళం ఇటు పడెయ్!"

ఆమె స్టీరింగ్ కింద ఉన్న ప్లగ్గులో స్కానర్ తీగ గుచ్చింది. తెర వెలిగింది. టైలరమ్మ కొంగు మెలిపెడుతూ నిలబడింది.

"లోపాలేమీ లేవంటోంది," అంది ఆడపడుచు నెమ్మదిగా.

"చెప్పానా!" అన్నాడాయన.

టైలరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడపడుచు మాత్రం తెర వంక చూస్తూ నుదురు చిట్లించింది. "అన్నయ్యా, నువ్వు బ్యాటరీ తీగలు విప్పావా?"

"తుడుద్దామని విప్పాను. ఏం?"

"బండి గుర్తుపెట్టుకున్నదంతా దాంతోటే చెరిగిపోయింది. ఇక నడుపుతూ చూడాల్సిందే. వదినే నడపాలి."

"వీల్లేదు!"

"ఎందుకు వీల్లేదండీ?" టైలరమ్మ ముందుకొచ్చింది. "తప్పు నాదైతే నాదని తేలిపోనివ్వండి. జన్మలో స్టీరింగ్ ముట్టుకోను. తేలకుండా మాత్రం ఉండలేను. రోజూ చస్తున్నాను."

ఆమె అలా మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు.

గోదాముల వెనకున్న ఖాళీ రోడ్డు మీద కారు నడుస్తోంది. పక్క సీట్లో ఆడపడుచు స్కానర్‌లో అంకెలు చూస్తోంది. పెడల్ నొక్కితే అంకె పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఒక చుట్టు, రెండు చుట్లు. ఏమీ కాలేదు. టైలరమ్మ ఆశ వదులుకుంది. గతుకు దాటి ఎత్తు ఎక్కుతుండగా కారు ఒక్కసారిగా ఉసూరుమంది.

"కాలు తియ్యకు వదినా! అలాగే తొక్కి ఉంచు!" ఆడపడుచు అరిచింది. "అన్నయ్యా, ఇటు చూడు. ఇందులో సున్నా. ఇప్పుడు వదిన కాలు చూడు."

డ్రైవరు రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగాడు. భార్య పాదం పెడల్‌ను నేలకు అదిమిపెట్టి ఉంది. కాలు మొత్తం వణుకుతోంది. అయినా తియ్యలేదు.

"పెడల్ దగ్గరి సెన్సర్ పోయింది," అంది ఆడపడుచు, కారు పక్కకు ఆపించాక. "వదిన తొక్కుతున్న సంగతి ఇంజిన్‌కు చేరడం లేదు. ఎప్పుడో ఒక కుదుపుకి మాత్రమే ఇలా అవుతోంది, అందుకే నీకు దొరకలేదు. ఆ ముక్క మారిస్తే సరి."

టైలరమ్మ స్టీరింగ్ మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. అది బాధతో వచ్చిన ఏడుపు కాదు. గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది.

డ్రైవరు వెనక సీట్లోంచి దిగి ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు. "తప్పు నీదైతే తాళం దాచేస్తే సరిపోతుందనుకున్నా," అన్నాడు. "బండిదే అయితే, మీ ఇద్దర్నీ ఆ లారీ ముందుకి పంపింది నేనే అవుతాను. ఆ రోజు బయల్దేరే ముందు బండి బాగుందని చెప్పింది నేనే కదా. ఆ భయాన్ని నీ నెత్తిన రుద్దాను. నన్ను నాలుగు తిట్టవే."

"నాలుగు చాలవు," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. ఆడపడుచు పకపకా నవ్వింది.

ఇంటికొచ్చి చెప్పగానే తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. "నేనూ నిన్ను అనుమానించానే. నీ మనసు కష్టపెట్టలేక పైకి అనలేదు." టైలరమ్మ ఆవిడను పొదువుకుంది.

సెన్సర్ మార్చాక ఆడపడుచు మళ్లీ అదే గతుకుల మీద తిప్పించింది. అంకె ఒక్కసారి కూడా తడబడలేదు.

తర్వాతి వారం ఫిజియోథెరపీకి ముగ్గురూ బయల్దేరారు. పెద్ద కూడలి దగ్గర టైలరమ్మ ఊపిరి బిగబట్టింది. కారు సాఫీగా దాటేసింది. సంబరంగా పక్క సీట్లోని భర్త వైపు తిరిగింది. ఎవరు నడిపినా రెప్ప వెయ్యకుండా రోడ్డునే చూసే మనిషి, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"అల్లుడుగార్ని లేపవే, దిగాలిగా," అంది ఆసుపత్రి గేటు రాగానే తల్లి వెనక నుంచి.

"పడుకోనీ అమ్మా. ఇంకో చుట్టు తిప్పుతాను."