ముసలి ఒంటెకి ఇద్దరు డ్రైవర్లు

"వదలండి!"

"మీరే వదలండి!"

నారిన్ బజారులో పాత బండ్ల సామాన్లు అమ్మే చోట, ఒకే రేడియేటర్‌ని చెరో పక్క పట్టుకుని నిలబడ్డారు ఇద్దరు. ఒకరు జిపార్. తలకి పూల రుమాలు, గోళ్లలో గ్రీజు. రెండోవాడు పొడుగ్గా ఉన్నాడు. జుట్టులో రంపపు పొట్టు.

"ముందు నేను చూశాను," అంది జిపార్.

"చూస్తే అయిపోతుందా? ముందు నేను ముట్టుకున్నాను."

"మీరు ముట్టుకున్నది అట్టపెట్టెని. రేడియేటర్‌ని ముట్టుకున్నది నేను."

కొట్టు యజమాని సోవెత్‌బెక్ టీ గిన్నె పక్కన పెట్టి నిట్టూర్చాడు. "ఆ రకం పికప్పులు నడిపేవాళ్లు ఈ చుట్టుపక్కల మీ ఇద్దరే మిగిలారు. మిగతావాళ్లు బుద్ధి తెచ్చుకుని ఎప్పుడో అమ్మేసుకున్నారు. ఎవరూ కొనరేమోనని ఒక్కటే తెప్పించాను. ఇలా కొట్టుకు చస్తారని నాకేం తెలుసు?"

"బాబాయ్, నా తేనెపట్టు పెట్టెలు కనుమ దాటించాలి. అత్‌బాషీలో పూలు విచ్చాయి. ఆలస్యమైతే పూత రాలిపోతుంది. నా ఏడాది సంపాదనంతా ఆ పూలలోనే ఉంది," అంది జిపార్.

"నేను పెళ్లివాళ్ల యుర్తా గుడారం తీసుకెళ్లాలి. అదీ కనుమ దాటే," అన్నాడు ఆ అబ్బాయి.

"అవునమ్మా, కుబాన్ వాళ్లింట్లో పెళ్లి," అన్నాడు సోవెత్‌బెక్. "కొత్త జంటకి తెల్ల యుర్తా వీడే స్వయంగా చేశాడు. పుల్ల పుల్లా వంచి, చెక్కి."

జిపార్ కాస్త తగ్గింది. పెళ్లికొడుకన్నమాట. పెళ్లికొడుకుతో రేడియేటర్ కోసం దెబ్బలాడటం ఏం బాగుంటుంది?

"అయితే మీరే తీసుకోండి," అని చేయి వదిలేసింది.

కుబాన్ కూడా సరిగ్గా అప్పుడే వదిలేశాడు. "వద్దులెండి. తేనెటీగలు ఆగవు కదా, మీరే తీసుకోండి."

రేడియేటర్ సోవెత్‌బెక్ కాలి మీద పడింది.

"ఇందాకటిదాకా పీక్కున్నారు! ఇప్పుడు ఇద్దరికీ అక్కర్లేదా?" అని ఒంటికాలి మీద గెంతుతూ అరిచాడాయన. "ఎవరో ఒకరు దీన్ని నా కళ్ల ముందు నుంచి తీసుకుపొండి!"

చివరికి కుబాన్ ఒక దారి చూపించాడు. జిపార్ కొత్తది తీసుకుంటుంది. తన పాతది అతనికిస్తుంది. "మీది పైన కారుతోందా? నాది కింద కారుతోంది. రెండూ కోసి, బాగున్న ముక్కలు అతికిస్తే ఒక మంచిది వస్తుంది. నాకు అతకడం వచ్చు."

*

జిపార్ పికప్పు వయసులో ఆమెకన్నా పెద్దది. ఊళ్లో అందరూ దాన్ని ముసలి ఒంటె అంటారు. కొన్నప్పుడు నవ్వనివాళ్లు లేరు. బ్రేకులు సరిచేసుకుంది, క్లచ్ మార్చుకుంది, తుప్పు పట్టిన చోటల్లా గీకి రంగు వేసుకుంది. రోజూ పొద్దున్నే పాలు పితికే ముందు ఆయిల్ చూసుకుంటుంది. "సాయం చెయ్యనా చెల్లీ" అంటూ వచ్చిన మగాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో సగం మంది బోల్టులు విరగ్గొట్టారు. మిగతా సగం, చేసినదానికన్నా ఎక్కువ చెప్పుకు తిరిగారు. అప్పటినుంచి తన బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వదు.

అదే మాట కుబాన్‌కి వాకిట్లో అడుగు పెట్టగానే చెప్పింది. "కూర్చుని టీ తాగండి. నేనే విప్పుతాను, నేనే బిగిస్తాను. నేను అడిగితే తప్ప మాట్లాడొద్దు."

"సరే."

నానమ్మ బూబూష్ నూనెలో వేయించిన బూర్సోక్ రొట్టెముక్కలు, నేరేడు రంగు జామ్ తెచ్చి అతని ముందు పెట్టింది. ఎగాదిగా చూసింది. "ఎవరబ్బాయివి నాయనా? చేతులు పనివాడి చేతుల్లా ఉన్నాయి. పెళ్లయిందా?"

"నానమ్మా!" బానెట్ కిందనుంచి అరిచింది జిపార్. "అతనిదే పెళ్లి. యుర్తా కూడా చేసుకున్నాడు."

కుబాన్ ఏదో చెప్పబోయాడు.

"మాట్లాడొద్దన్నానా?"

నోరు మూసుకుని బూర్సోక్ కొరికాడు. కానీ కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. పెళ్లి పెట్టుకున్నవాడు ఇంకొకళ్ల వాకిట్లో కూర్చుని అలా నవ్వుతాడేమిటని జిపార్‌కి ఒళ్లు మండింది. ఆ మంటలో స్పానర్ రెండుసార్లు జారింది.

పని పూర్తయింది. బకెట్టు ఎత్తి నీళ్లు పోయబోతుంటే కుబాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఏం?"

"ఏం లేదు. మాట్లాడొద్దన్నారు కదా."

జిపార్ నీళ్లు పోసింది. పోసినవి పోసినట్టే అడుగునుంచి జలజలా కారి ఆమె బూట్లు నిండిపోయాయి. కింది హోస్‌కి క్లిప్పు బిగించడం మర్చిపోయింది.

నానమ్మ పమిటచెంగులాంటి తన తలగుడ్డ కొసని నోటికి అడ్డం పెట్టుకుంది. కుబాన్ మాత్రం నవ్వలేదు. క్లిప్పు పడి ఉన్న చోటుకి కళ్లతో సైగ చేశాడు, అంతే. లేచి దాన్ని తీసి ఇవ్వలేదు కూడా. జిపార్‌కి అది నచ్చింది. పెళ్లికొడుకుల్లో నచ్చేవి ఉండకూడదని తనకు తనే చెప్పుకుని, క్లిప్పు బిగించింది.

*

మూడోరోజు తెల్లవారకముందే పెట్టెల మూతలు మూసి, తాళ్లతో కట్టి, జిపార్ బయల్దేరింది. కనుమ ఎక్కేసరికి మబ్బు దిగింది. సన్నగా వాన మొదలైంది. వేసవి వచ్చినా ఆ కొండల మీద వాన మంచుసూదుల్లా గుచ్చుతుంది. ముసలి ఒంటె మాత్రం మూలుగుతూనే ఎక్కుతోంది. నీళ్ల వేడి సరిగ్గా ఉంది. జిపార్ గర్వంగా డాష్‌బోర్డు తట్టింది.

అప్పుడే కాలి కింద యాక్సిలరేటర్ మెత్తగా నేలకి అంటుకుపోయింది. ఇంజన్ ఆగలేదు, కానీ గొంతు తగ్గిపోయింది. బండి నిలబడింది.

బానెట్ ఎత్తి చూసింది. యాక్సిలరేటర్ వైరు తెగింది. అన్నీ మార్చింది, అదొక్కటే మార్చలేదు. కార్బురేటర్ దగ్గరి మీటకి తాడు కట్టి, కిటికీలోంచి లోపలికి తెచ్చుకుంది. తాడు లాగితే ఇంజన్ అరిచింది. బాగానే ఉంది. కానీ ఒక చేత్తో తాడు, ఒక చేత్తో గేరు... మరి స్టీరింగు? మొదటి మలుపులోనే చక్రం రోడ్డు అంచున ఉన్న కంకర మీదకి జారింది. బ్రేకు తొక్కింది. వెనక పెట్టెలు కిర్రుమన్నాయి. లోయలోకి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

మబ్బు విడిపోతే ఎండ వస్తుంది. ఎండలో మూసిన పెట్టెలుంటే తేనెటీగలు లోపలే ఉడికిపోతాయి.

వెనకనుంచి హారన్ మోగింది. తడిసిన యుర్తా పుల్లలు, తెల్లటి ఉన్ని ఫెల్టు చుట్టలు నెత్తిన పెట్టుకున్న ఇంకో ముసలి పికప్పు. కుబాన్ దిగి వచ్చాడు. తెగిన వైరుని చూశాడు. తాడుని చూశాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిటలా నిలబడ్డారు?"

"మీరు అడుగుతారేమోనని."

జిపార్ వానలో రెండు నిమిషాలు రోషంగా నిలబడింది. పెట్టెల్లోంచి రొద వినిపిస్తోంది.

"నాకు సాయం కావాలి," అంది. అనడం ఇంత తేలికని ఆమెకి తెలియదు. "మీరు తాడు లాగండి. బండి నేనే నడుపుతాను. కానీ మీ పెళ్లి? ముహూర్తానికి పెళ్లికొడుకు అక్కడుండొద్దూ?"

"ఏ పెళ్లికొడుకు?"

రెండో పికప్పు కిటికీలోంచి ఒక పెద్దావిడ తల బయటికొచ్చింది. కుబాన్ తల్లి తుర్దుకాన్. "వీడు పెళ్లికొడుకా? అంత అదృష్టం కూడానా నాకు! పెళ్లి వీడి తమ్ముడిది. తమ్ముడు పెళ్లి చేసుకుంటుంటే అన్న యుర్తా మోసుకెళ్తున్నాడు. బంధువులందరికీ ఏం సమాధానం చెప్పాలో తెలీక చస్తున్నాను!"

జిపార్ గబగబా అటు తిరిగి బానెట్ కింద తాడు ముడి మళ్లీ బిగించడం మొదలుపెట్టింది. ఎందుకో చెవులు వేడెక్కాయి.

"మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"మాట్లాడొద్దన్నారు."

"పిన్నిగారూ, మీ అబ్బాయిని కాసేపు తీసుకెళ్తాను," అంది జిపార్.

"తీసుకెళ్లు తల్లీ. తిరిగివ్వకపోయినా పర్లేదు. నా దగ్గర టీ ఫ్లాస్కు ఉంది."

*

కుబాన్ పక్కసీట్లో కూర్చుని, కిటికీలోంచి వచ్చిన తాడుని చేతికి చుట్టుకున్నాడు.

"కొంచెం లాగండి. ఇంకొంచెం. అంత కాదు! వదలండి, వదలండి!"

ఇంజన్ గర్జించింది. బండి ముందుకి దూకి ఆగింది. ఇద్దరి నుదుళ్లూ అద్దానికి తగిలాయి.

"మీరు స్పష్టంగా చెప్పాలి," అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"మీరు సరిగా వినాలి."

రెండో మలుపు వచ్చేసరికి మర్యాదలకి టైం లేకపోయింది. "లాగు! ఇప్పుడు వదులు! గేరు... లాగు!" మూడో మలుపు దగ్గర ఆమె చెప్పకముందే తాడు వదిలాడు. క్లచ్ మీద ఆమె కాలు కదలడం చూస్తున్నాడని జిపార్‌కి అర్థమైంది. ఆ తర్వాత మాటలు తగ్గాయి. ఆమె ఊపిరి పీలిస్తే అతను లాగుతున్నాడు, ఆమె భుజం వాలితే వదులుతున్నాడు. తన బండి ఇంకొకరి చేతిలోనూ ఇంత మెత్తగా నడుస్తుందని జిపార్ ఎన్నడూ అనుకోలేదు. శిఖరం దాటాక చూసుకుంటే ఇద్దరూ ఒకేసారి నవ్వుతున్నారు.

కింద లోయంతా గులాబీ రంగు పూలు. వాన వెలిసింది. పెట్టెలు దించి మూతలు తీశారు. తేనెటీగలు ముందు కోపంగా, తర్వాత ఆశ్చర్యంగా, ఆ తర్వాత ఇంకేదీ పట్టనట్టు పూల మీదకి వెళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం వెళ్లేముందు కుబాన్ పైపెదవి మీద కుట్టింది.

కనుమ మీద ఉన్న తల్లిని, యుర్తాని తీసుకురావడానికి మళ్లీ అదే తాడుతో ఎక్కాలి. దారిలో కుబాన్ పెదవి ఊరిన రొట్టెలా ఉబ్బిపోయింది. ఏదో చెప్పాలని తంటాలు పడుతున్నాడు.

"జితార్, నీకొకటి చెత్తాలి."

"ఏం చెత్త?"

"నాకు... నువ్వంటే... త్రేన."

జిపార్ స్టీరింగు గట్టిగా పట్టుకుంది. అర్థమైంది. మొదటి ముక్కకే అర్థమైంది. అయినా ముఖం రోడ్డు మీంచి తిప్పకుండా, "తేనెనా? ఇంకా తియ్యలేదే," అంది.

"తేనె కాదు! త్రే... న!"

"అదే, తేనె. ఎంత కావాలి? ఒక సీసా చాలా?"

"జీవితాంతం సరితడా కావాలి!" అని అరిచి, ఆ ఊపులో తాడు గుంజాడు. ముసలి ఒంటె ఎప్పుడూ లేనంత వేగంగా కొండెక్కింది.

నవ్వాపుకోలేక జిపార్ కళ్లలో నీళ్లొచ్చాయి. "పూత అయిపోనీ," అంది. "పెదవి తగ్గనీ. అప్పుడు వచ్చి మళ్లీ అడుగు. సరిగ్గా పలికితే చూద్దాం."

కనుమ మీద తుర్దుకాన్ కొడుకు మొహం చూసి ఫ్లాస్కు వదిలేసింది. "తిరిగివ్వకపోయినా పర్లేదన్నాను గానీ, ఇలా చేసి ఇమ్మన్నానా?"

తమ్ముడి పెళ్లిలో తీసిన ప్రతి ఫొటోలోనూ పెళ్లికొడుకుకన్నా కుబాన్ పెదవే ముందు కనిపించింది.

*

పూత అయిపోయింది. ఒక మధ్యాహ్నం జిపార్ పూలపొలం పక్కన పికప్పు కింద పడుకుని కీళ్లకి గ్రీజు కొడుతోంది. బండి ఆగిన చప్పుడైంది. పడుకున్నచోటునుంచే చూస్తే మూడు జతల కాళ్లు కనిపించాయి. తోలుబూట్లు కుబాన్‌వి. ఎర్రచెప్పులు తుర్దుకాన్‌వి. మూడోవి రబ్బరు తొడుగులు. అవి నానమ్మవి!

"నానమ్మా! నువ్వెలా వచ్చావు?"

"ఈ అబ్బాయి బండిలో. బాగా నడుపుతాడు, నీలాగా గుంతల్లో వెయ్యడు," అంది నానమ్మ. "చూశావా వదినా, నా మనవరాలు బండి కింద తప్ప ఇంకెక్కడా దొరకదు."

తోలుబూట్లు దగ్గరికొచ్చాయి. మోకాళ్లు వంగాయి. కుబాన్ మొహం వంగి కనిపించింది. పెదవి మామూలుగా ఉంది.

"జిపార్," అన్నాడు ఒక్కో అక్షరం పలుకుతూ. "ప్రేమ. నువ్వంటే నాకు ప్రేమ. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

పైన ఇద్దరు పెద్దవాళ్లూ ఊపిరి బిగబట్టారు.

జిపార్ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పైనున్న ఇనుముకి వినపడుతుందేమో అనిపించింది. "నా బండి నాదే," అంది. "పెళ్లయ్యాక ఆడదానికి బండెందుకని ఒక్కరన్నా..."

ఎర్రచెప్పులు ముందుకొచ్చాయి. "ఎవరంటారు? వాళ్లని నా దగ్గరికి పంపు. నన్ను చలిలో కనుమ మీద కూర్చోబెట్టిన బండి ఇది. దీన్ని తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది. ముందు నువ్వు బయటికి రా!"

జిపార్ పాకుతూ బయటికొచ్చింది. బుగ్గ మీద గ్రీజు, మోచేతులదాకా గ్రీజు. లేచేలోపే తుర్దుకాన్ పక్కన చతికిలబడి, ఒంటి దగ్గర దాచుకున్న గుడ్డమూటలోంచి వెండి జూకాలు తీసింది. పెళ్లి నిశ్చయం చేసుకోవడానికి పిల్ల చెవులకి పెట్టే జూకాలు.

"పిన్నిగారూ, చేతులు కడుక్కోనివ్వండి!"

"కడుక్కుంటే కాదంటావేమో. కాదంటావా?"

జిపార్ కుబాన్ వైపు చూసింది. అతను మొదటిరోజు వాకిట్లో కూర్చున్నట్టే, నోరు మూసుకుని, కళ్లతో మాత్రం అడుగుతున్నాడు.

"అననులెండి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అత్తయ్యా," అంది.

తుర్దుకాన్ ముందుకి వంగింది. ఒక జూకా పెట్టింది. రెండోది పెట్టడానికి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. నానమ్మ ఇద్దరి నెత్తిన చేతులు పెట్టి, చల్లగా ఉండండని గొణుక్కుంది.

కుబాన్ ఆ రోజు కోసం కొత్త తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. జిపార్‌ని లేవదీయడానికి చెయ్యి చాపాడు. ఆమె తన చేతుల వంక ఒకసారి, అతని చొక్కా వంక ఒకసారి చూసింది. తుడుచుకోవడానికి గుడ్డ పక్కనే ఉంది.

గుడ్డ జోలికి వెళ్లకుండా రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని లేచింది.