దొంగచాటు చూపుల జాబితా

"నాలుగింటికల్లా మన మనిషి ఒకరు దొరికిపోతారు. దొరికితే బతకనివ్వరు," అన్నాడు పెద్దాయన. "టైమెంత?"

"రెండుంపావు సార్."

"అయితే కూర్చోకు."

కుర్చీలోకి సగం వంగిన ఏజెంటు అలాగే లేచాడు. ఆఫీసులో అతన్ని ధైర్యం అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ అతని అరచెయ్యి పట్టుకుని చూడలేదు. ప్రతి మిషన్‌కీ ముందు చేతులు తడిసి ముద్దవుతాయి. షేక్‌హ్యాండ్ ఇవ్వాల్సి వస్తే రెండు చేతుల్లోనూ ఫైళ్ళు పట్టుకుంటాడు.

బయట 'లిఫ్టుల మరమ్మతు' అని బోర్డు ఉండే ఆ ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యదు. అందుకే ఎవరూ మరమ్మతుకి పిలవరు, రహస్యం భద్రంగా ఉంది.

"పలకరింపు అనే వెబ్‌సైట్ పేరు విన్నావా?"

ధైర్యం తన బూట్ల వైపు చూసుకున్నాడు. "ఎక్కడో... విన్నట్టుంది సార్."

"కళ్ళజోళ్ళ షాపాయన ఒకడు సరదాకి కట్టుకున్నాడు. ఓ పెద్ద సోషల్ నెట్‌వర్క్‌కి అచ్చుగుద్దిన కాపీ. రోజుకి నలభై కళ్ళజోళ్ళ ఫోటోలు పెడుతున్నాడని ఆ పెద్ద సైటు ఇతన్ని గెంటేసింది. పౌరుషం వచ్చి సొంతంగా ఒకటి కట్టాడు."

ఆ సైటు చరిత్ర ఫైల్లో ఆరు పేజీలుంది, ఆరూ కష్టాలే. మొదటి ఏడు పదిహేడుమంది మెంబర్లు, అందులో పద్నాలుగుమంది చుట్టాలు. రెండో ఏడు ఏదో మీట తప్పు నొక్కితే, ఎవరెవరు ఎవరిని బ్లాక్ చేశారో వాళ్ళందరూ ఒకరికొకరు ఫ్రెండ్స్ అయిపోయారు. రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు. మూడో ఏడు బట్టతల మందుల ప్రకటనలు వరదలా వచ్చి పడ్డాయి. నాలుగో ఏడు ఆయన "ఎవరైనా సాయం రండి" అని పోస్టు పెట్టాడు. నెమలి అనే పేరుతో ఒకావిడ వచ్చింది. ఆవిడ వచ్చాక మెంబర్లు వేలకి చేరారు.

"నెమలిని అక్కడ పెట్టింది మనమే," అన్నాడు పెద్దాయన. "కొత్త సైట్ల మీద కన్నేసి ఉంచుతుందని. ఆవిడ అవతలి ముఠా జీతం కూడా తీసుకుంటోందని ఇవాళ పొద్దున తెలిసింది. సైటు మొత్తం కాపీ చేస్తోంది. ఎవరు, ఎప్పుడు, ఏ ఇంటి కనెక్షన్ నుంచి లోపలికొచ్చారో రాసుండే లాగ్‌తో సహా. నాలుగింటికి పూర్తవుతుంది."

"అందులో ఏముంది సార్?"

"శత్రువుల రాజధానిలో ఆ సైటుకి ఒకే ఒక్క మెంబరు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఒకే పేజీ చూసి పోతారు. ఆ ఊళ్ళో మారుపేరుతో ఉన్న మనవాళ్ళలో ఎవరో రూలు తప్పారు. లాగ్ చేతికొస్తే ముఠా నేరుగా ఆ ఇంటి తలుపే తడుతుంది."

"ఆ పేజీ ఎవరిది సార్?"

"ఎవడో పనిలేనివాడిది. తొట్టి మొక్కల ఫోటోలు పెట్టుకుంటాడు."

ఎదురుగా నిలబడ్డ ఆ పనిలేనివాడు గోడకి ఆనుకున్నాడు. ఆరేళ్ళ క్రితం అక్క ఇదే ఆఫీసు పనిమీద పేరు మార్చుకుని వెళ్ళిపోతూ అతని గుమ్మంలో పదకొండు తొట్లు దింపింది. "ఒక్కటి ఎండినా నీ సంగతి చెప్తాను," అంది. తర్వాత ఉత్తరం లేదు, ఫోన్ లేదు. అది రూలు. ఎవరూ చూడని చోట కదా అని అతను వారానికో మొక్క ఫోటో ఆ సైట్లో పెట్టేవాడు. ప్రతి ఫోటో కింద 'చూసినవారు: ఒకరు' అని పడేది. ఆ ఒకరు ఏ కంప్యూటరో అనుకున్నాడు.

"ఇవాళ ఏం వారం సార్?"

"గురువారం. ఎందుకు?"

"ఏం లేదు సార్." మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

కింద స్టోర్స్ ఆవిడ అతనికో పెట్టుడు మీసం, బొత్తాం లాంటి కెమెరా ఇచ్చింది. కెమెరాకి చార్జింగ్ లేదని, కానీ చొక్కాకి నప్పుతుందని చెప్పింది.

మూడుంపావుకి కళ్ళజోళ్ళ షాపు. వెనకగది కిటికీ లేని చీకటిగది. ఒక కుర్చీ, ఎదురుగా వెలిగే అక్షరాల పెట్టె, మూల బల్ల మీద కంప్యూటర్. షాపాయన సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద ఒక జోడు, ముక్కు మీద ఒక జోడు పెట్టుకుని ఉన్నాడు.

"మాస్టారూ, నేను కళ్ళు చూపించుకోడానికి రాలేదు."

"అందరూ అదే అంటారు. గడ్డం ఎత్తండి." పరీక్ష అద్దాలు బిగించే ఇనుప ట్రయల్ ఫ్రేమ్ ముక్కు మీద కూర్చుంది. రెండు అద్దాలు పడేసరికి లోకమంతా పాలల్లో ముంచినట్టయింది.

ధైర్యం గబగబా చెప్పాడు. నెమలి, ముఠా, లాగ్, నాలుగు గంటలు. ఒక్క సంగతి దాచాడు, ఆ వెంటనే అదీ చెప్పేశాడు. "ఆ మెంబరు మా అక్కండీ."

షాపాయన చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది. "నెమలా? ఛ! ఆవిడ నాకు చెల్లెలి లెక్క. సైటు మూడోసారి పడిపోతే మూడు రోజులు కూర్చుని నిలబెట్టింది. నా స్పెల్లింగులన్నీ దిద్దింది."

"సైటు ఆపెయ్యండి మాస్టారూ. ప్లగ్గు పీకెయ్యండి."

"ఏ ప్లగ్గు? సర్వరు ఇక్కడుంటేగా! ఎక్కడో ఓ కంపెనీలో ఉంది. సైటు పడిపోతే తప్ప వాళ్ళు ఫోనెత్తరు. తాళాలన్నీ ఆవిడకే ఇచ్చేశా. నా సైట్లో నేనిప్పుడు మామూలు మెంబర్ని."

"మామూలు మెంబరు ఏం చెయ్యగలడు?"

"పోస్టు పెట్టగలడు. లైక్ కొట్టగలడు."

బయట తలుపు గంట మోగింది. ఖరీదైన సెంటు వాసన ముందొచ్చింది, హీల్స్ చప్పుడు తర్వాత.

"అన్నయ్యా! ఉన్నారా? అలా వెళ్తూ వెళ్తూ వచ్చాను. ఓ అరగంట కూర్చుంటా మీ దగ్గర."

అద్దాల్లోంచి ధైర్యానికి ఎర్రచీర మరక ఒకటి కనిపించింది. ఆ మరక అతని కుర్చీ వెనక్కి వెళ్ళి ఆగింది. కనపడ్డంతసేపే నయం.

"కదలకండి సార్, పవర్ తేడా వస్తుంది," అన్నాడు షాపాయన. "చెల్లెమ్మా, ఈయన నంబర్లు కంప్యూటర్లో ఎక్కించేసి వస్తా."

"కానివ్వండి అన్నయ్యా." మరక ధైర్యం భుజం మీద చెయ్యి వేసింది. "చెమటలు పడుతున్నాయేమండీ?"

"కళ్ళ పరీక్షంటే... చిన్నప్పట్నుంచీ భయమండి."

"అవునా." ఆమె చెవి దగ్గరికి వంగింది. "మీసం జారుతోంది, చూసుకోండి."

మెడ వెనక చల్లగా, గుండ్రంగా ఏదో ఆనింది. మూల నుంచి షాపాయన టకటకా కొడుతూనే ఉన్నాడు. "పై వరస చదవండి సార్. కింది వరస. ఎడమ కన్ను మూయండి." ధైర్యం కనపడని అక్షరాలన్నీ చదివాడు. ఏవో చెప్పాడు. అక్క ఈపాటికి ఎక్కడో కుర్చీ లాక్కుని ఫోన్ తెరుస్తూ ఉంటుంది.

నెమలి ఫోన్ ఒకసారి కొట్టుకుంది. ఆ తర్వాత ఆగకుండా, గాజుసీసాలో చిక్కిన తేనెటీగలా కొట్టుకుంది.

"ఏమిటీ..." ఆమె పైకి చదివింది. "'అందరికీ విన్నపం. ఈ ఐదేళ్ళలో ఎవరి పేజీ ఎవరు దొంగచాటుగా ఎన్నిసార్లు చూశారో ఆ జాబితా ఇవాళ నాలుగింటికి అందరికీ కనబడుతుంది. ఇష్టం లేనివాళ్ళు ముందే వచ్చి వద్దు అని నొక్కండి. అభ్యంతరం లేనివాళ్ళు చూపించండి అని నొక్కండి.' అన్నయ్యా! ఏంటిది?"

"సరదాకమ్మా."

"తీసేస్తున్నా." ఆమె ఒంటి చేత్తో నొక్కింది. పోస్టు పోయింది. ఫోన్ ఇంకా గట్టిగా కొట్టుకుంది. తీసేశారంటే నిజమేనన్నమాట అని జనం మరింత హడలిపోయారు. ఎక్కడెక్కడి మెంబర్లూ, పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళూ, మానేసినవాళ్ళూ, ఐదేళ్ళుగా తొంగిచూడ్డమే తప్ప ఒక్క మాట రాయనివాళ్ళూ, అందరూ ఒక్కసారే తలుపు మీద పడ్డారు. నెమలి ఆ పోస్టే మళ్ళీ పెట్టింది, కింద అది అబద్ధమని రాసింది, ఎవరూ నమ్మలేదు.

"తొంభై నాలుగు శాతం," అంది పళ్ళ బిగువున. "తొంభై ఆరు. కదులు... తొంభై తొమ్మిది."

గోడ గడియారం ముల్లు పన్నెండు మీద పడబోతోంది.

తేనెటీగలు ఆగిపోయాయి.

"పడిపోయింది," అన్నాడు షాపాయన, బిడ్డ నడక నేర్చినంత గర్వంగా. "నాలుగొందలమంది ఒకేసారి వస్తేనే తట్టుకోలేదది. మొత్తం మూట అందితే తప్ప నీ కాపీ తెరుచుకోదు కదమ్మా?"

ఆ చల్లటిది మెడ మీంచి లేచి తలకి ఆనింది. "ఫోన్ చెయ్యండి. సర్వరు కంపెనీవాళ్ళు మీ గొంతు వింటేనే మళ్ళీ తెరుస్తారు, నాకు తెలుసు. తెరవమనండి. లేకపోతే ఈయన తల గోడ మీద ఉంటుంది."

షాపాయన స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. అవతల ఒకమ్మాయి ఆవలిస్తూ ఎత్తింది. సైటు ఓనరు ఆయనేనని తేల్చుకుంది. "ఏం చెయ్యమంటారు సార్?"

ఆయన రెండు జోళ్ళూ తీసి బల్ల మీద పెట్టాడు. అవి లేకుండా ఆయనకి తుపాకీ కనపడదు, నెమలి మొహమూ కనపడదు. "మొత్తం తుడిచెయ్యమ్మా. లాగ్‌తో సహా. కాపీలు ఉంచకు."

"సరే సార్. అయిపోయింది."

"అన్నయ్యా!"

ఆ కేక పూర్తి కాకముందే ధైర్యం కాలు చాచి అక్షరాల పెట్టెకీ కంప్యూటర్ తెరకీ కలిపున్న వైరు లాగేశాడు. గది కాటుకలా అయింది. అరగంటగా గుడ్డివాడిలా కూర్చున్న అతనికి ఆ చీకటి కొత్త కాదు, ఆమెకి కొత్త. సెంటు వాసన ఎటుంటే అటు పడ్డాడు. తుపాకీ ఒకసారి పేలింది. లైటు వెలిగేసరికి నెమలి చేతులు బెల్టుతో కుర్చీకి బిగించి ఉన్నాయి, పైకప్పులో ఒక చిల్లు, ధైర్యం చేతిలో తుపాకీ. అది జారిపోకుండా రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది, అంత చెమట.

షాపాయన తెర మళ్ళీ వెలిగించి దాని ముందు నిలబడిపోయాడు. తెర మీద సైటు పడిపోయే ముందటి ఆఖరి పేజీ గడ్డకట్టి ఉంది.

"మూడు వేల నూటపన్నెండు మంది వద్దు అన్నారు," అన్నాడు. "ఐదేళ్ళలో ఇంతమంది ఎప్పుడూ రాలేదు సార్."

ధైర్యం ఫ్రేమ్ పైనుంచి తొంగి దాని కింది వరస చూశాడు. చూపించండి: ఒకరు.

కళ్ళు తుడుచుకోడానికి ట్రయల్ ఫ్రేమ్ అడ్డం వచ్చింది.

ఐదున్నరకి పెద్దాయన రిపోర్టు చదివాడు. పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎవరి పేజీ ఎవరు చూశారన్న జాబితా... అసలెక్కడా లేదుగా?"

"లేదు సార్. ఉత్తిదే."

పెద్దాయన రుమాలు తీసి మెడ వెనక నెమ్మదిగా తుడుచుకున్నాడు. "గుడ్. నేను రిపోర్టు కోసమే అడిగాను."

రిపోర్టులో అలాంటి గడి ఏదీ లేదు. ధైర్యం మర్యాదగా ఒకటి గీసి, 'వద్దు' అని రాశాడు.