మూడు సెట్లకు చోటు

"శుక్రవారం మందుగుండు రైలును గిద్దలూరు సొరంగంలో పేల్చాలని వాళ్ల ప్లాన్," అన్నాడు చీఫ్ ఆంజనేయులు. "నల్లమల అంచున ఎక్కడో శత్రువుల వైర్‌లెస్ ఉంది. దాంట్లోంచి కోడ్ వర్డ్ వస్తేనే సొరంగం దగ్గరి మనిషి మీట నొక్కుతాడు. దాన్ని పసిగట్టడానికి నీకు మూడు రేడియో సెట్లు."

"అంత అడవికి మూడేనా సార్?" అన్నాడు ఏజెంట్ జీవానందం.

జీవానందానికి ఈ ఉద్యోగంలోనే మోకాళ్లు అరిగిపోయాయి. ఈసారి మార్కాపురంలో పలకల వ్యాపారి వేషం. పెట్టుడు మీసం దురద పెడుతోంది.

దుకాణం వెనకగదిలో డిపార్ట్‌మెంట్ స్టాటిస్టీషియన్ మగ్దలీనమ్మ మ్యాపు పరిచింది. నల్లకళ్లద్దాలు, లిప్‌స్టిక్, పక్కన చేత్తో తిప్పే లెక్కల మెషీన్. ఇదివరకు వినబడ్డ సిగ్నల్స్ మ్యాపు మీద చుక్కలై ఉన్నాయి. కంభం దగ్గర ఒత్తుగా, అర్ధవీడు దగ్గర పలచగా, పుల్లలచెరువు వైపు ఏవో కొన్ని. సెట్టు దగ్గర్లో ఉంటేనే దిక్కు పట్టగలదు. ప్రతి చుక్కకూ ఏదో ఒక సెట్టు దగ్గర్లో ఉండేలా మూడే చోట్లు ఎంచాలి.

ఆమె పెట్టిన మూడు గుర్తులూ కంభం చుట్టూనే ఉన్నాయి.

"ఒక మైలు జరిపితే?"

"ఏ పక్కకు జరిపినా చుక్కలకు మొత్తం దూరం పెరుగుతుంది సార్."

"ఇంతకంటే మంచిది లేదంటావా?"

"ఆ చుట్టుపక్కల లేదు."

ఆ మాట దగ్గర ఆగాడు జీవానందం. గుంటలో నిలబడినవాడికి ఎటు చూసినా ఎత్తే కనిపిస్తుంది. గుట్ట అవతల ఇంకా లోతైన లోయ ఉందేమో వాడికేం తెలుసు?

"మూడింటినీ ఎక్కడ పడితే అక్కడ పెట్టి మళ్లా మొదలుపెట్టు. అట్ల ఎన్నోసార్లు. అన్నింట్లో మంచిది ఉంచుకుందాం. కంభం దగ్గరే మొదలుపెట్టమని ఎవరు చెప్పినారు చెల్లెమ్మా?"

ఆమె కళ్లద్దాలు తీసింది. నిద్రలేని కళ్లు.

"వాళ్లే. మా నాయనను ఎత్తుకపోయినారు. వైర్‌లెస్ కాడే పెట్టినారంట. అదెక్కడో నాకు తెలీదు."

జీవానందం పిస్టల్ తీయలేదు. "అయితే తిప్పు," అని మెషీన్ చూపించాడు.

చేతులు మార్చుకుంటూ తిప్పింది. సాయంత్రానికి తేలింది: కంభం, అర్ధవీడు, పుల్లలచెరువు.

శుక్రవారం పుల్లలచెరువులో, గొర్లకాపరి వేషంలో ఉన్న ఏజెంట్ నాగులు గొంగడి కింది సెట్టుకు చెవి ఆనించాడు. "అన్నా, పలుకుతాంది. ఆ గుట్ట దిక్కు," అన్నాడు పక్కనున్న జీవానందంతో.

ఇద్దరూ గుట్టెక్కారు. గుడిసెలో ఒకడు మైకు పట్టుకుని "పెళ్లివారు..." అన్నాడు. జీవానందం బయట ఏరియల్ తీగ కోసేశాడు. "...బయల్దేరినారు" అన్న మాట గుడిసె దాటలేదు. నాగులు వాడి చేతులు విరిచి కట్టాడు.

మూలన కట్లతో ఉన్న ముసలాయన తలెత్తాడు. "మా పాప బాగుందా నాయనా?"

"బాగుంది పెద్దాయనా. నీ జాడ పట్టిచ్చింది ఆమె లెక్కే."

నాగులు సెట్లో చీఫ్ గొంతు వచ్చింది. "రైలు దాటింది. మగ్దలీనమ్మను ఏం చేద్దాం?"

"ముందు నిద్రపోనీయండి సార్."

"నువ్వు వెంటనే రా. ఇంకో పనుంది."

జీవానందం బండ మీద కూలబడ్డాడు. "నాగులూ, బస్సెప్పుడు? తాగను నీళ్లేమన్నా ఉండాయా?"

"బస్సు రేపొస్తాదన్నా. నీళ్లు ఎల్లుండి."