చెంబు మీద తొమ్మిది

పెళ్ళిరోజుకి భర్త ఇచ్చిన స్టీలు చెంబుని కొంగులో చుట్టుకుని జానకమ్మ, బంగ్లా భాష నడిచే ఊళ్ళో, మలంచా పేటలో ఉన్న డిటెక్టివ్ ఆలిస్ ఆఫీసుకి వచ్చింది. 1988 వానాకాలం. నిలువునా తడిసిపోయిన సంగతి కూడా ఆమె గమనించలేదు.

"మా మేష్టారు పిల్లలకి లెక్కలు సెప్పడం మానేసినారమ్మా. వాళ్ళన్నయ్యకి లాగే తనకీ మతి పోతోందట. 'నిన్నూ మరిసిపోతానేటి' అని నా సెయ్యి పట్టుకుని అడిగినారు."

ఆలిస్ చెంబు అందుకుంది. అందరూ గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటారు. దీని మీద మాత్రం 93939133 అని ఉంది.

"అది ఆయన ముద్దుల సంఖ్య. సివర్నుంచి ఒక్కో అంకే తీసేస్తూ పోయినా మిగిలింది ప్రధాన సంఖ్యేనట. ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదట. సంబరంగా తీసి సూపించినారు. ఆఖరికి తొమ్మిది మిగిలింది. మూడు మూళ్ళు తొమ్మిది కదా! మొదట ఉండాల్సింది ఏడు. తన నోరే తప్పిందని కుంగిపోయినారు."

"కొట్టినతను ఏటన్నాడమ్మా?"

"గోల్‌బజార్ హరిపద దాదా. మేష్టారు సెప్పిందే కొట్టినానని ఒట్టేసినాడు."

"అబద్ధం దీదీ!" అన్నాడు నూకరాజు. ఆలిస్ తుమ్మినా అందులో తెలివి వెతికే సహాయకుడతను.

"ముందు ఈ తొమ్మిదుల్ని సూడు."

"మొదటిదాని మెడ కొంచెం వేరేగా ఉంది. సెయ్యి జారుంటది."

ఆలిస్ చెంబు పట్టుకుని బయల్దేరింది. గోల్‌బజార్‌లో హరిపద దుకాణం ముందు ధరల పలక బంగ్లా భాషలో ఉంది. దాన్ని చదివి లోపలికి వెళ్ళింది.

"మేష్టారు ఏ భాషలో సెప్పినారు దాదా?"

"బంగ్లాలోనే. మొదటిది కొట్టేశాక, 'ఇంగ్లీషు అంకెలు వెయ్యి' అన్నారు. ఠీక్ హై అన్నాను. ఆయన చేపలకి వెళ్ళిపోయారు."

సాయంత్రం ఉమాపతి మేష్టారి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. ఆలిస్ చెంబుని హరిపద చేతిలో పెట్టింది.

"మొదటి అంకె సదువు దాదా."

"శాత్," అన్నాడతను.

మేష్టారు తలెత్తారు. బంగ్లాలో శాత్ అంటే ఏడు.

"బంగ్లా ఏడు అచ్చం ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటాది," అంది ఆలిస్. "మేష్టారు ఇంగ్లీషు అంకెలు అడిగేసరికే బంగ్లా ఏడు పడిపోయింది. స్టీలు మీద పడ్డాక సెరపడం కుదరదు. ఎనకాల అన్నీ ఇంగ్లీషువే ఉండేసరికి మీరంతా దాన్నీ అలాగే సదివినారు. మేష్టారూ, మీరు ఏడే అన్నారు. ఈయన ఏడే కొట్టినాడు. ఇందులో దొంగ ఎవరూ లేరు."

మేష్టారు పెద్దగా ఊపిరి తీసుకున్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"వేరే సెంబు మీద కొట్టిస్తాను జానకీ."

"వద్దండి. ఒక్కటి సెప్పండి. పెళ్ళయిన కాడి నుంచీ ఆ సంఖ్య నాకే ఎందుకు వినిపించేవారు?"

మేష్టారు తడబడ్డారు.

"సివర్నుంచి ఎంత పోయినా, మిగిలినదాన్ని ఎవరూ విడగొట్టలేరు. మనమూ అంతే అనిపించేది. సిగ్గేసి సెప్పలేదు."

"ఏటండీ," అంది జానకమ్మ, చెంబు అందుకుని, "ఇన్నాళ్ళూ నేను లెక్కలనుకున్నాను!"