బందీ పుస్తకం

మత్రా రేవు చేపల బజారులో ఫజల్ కత్తిపోటుకు పోయాడు. మన మనిషే. పోతూ పోతూ మూడే ముక్కలన్నాడు: "ఓడ... పుస్తకం... నాలుగింటికి."

1976. మస్కట్‌లోని హమ్రియాలో మిషన్ తొక్కుతూ కూర్చున్న దర్జీ దేవదాసు తల ఎత్తలేదు. పైకి దర్జీ, లోపల ఢిల్లీ సీక్రెట్ సర్వీసుకు ఇక్కడి చీఫ్.

"అన్నం ఉడికిందా?"

"ఇంకా పలుకు మీదుంది సార్."

కోడ్ సరిపోయింది. వచ్చినవాడు జగిత్యాల దిక్కు తాపీమేస్త్రీ పోచన్న, ఏజెంట్. అతని తాపీ పిడిలో వైర్‌లెస్ సెట్టు ఉంది. గాలి బాగుంటే ఊళ్లో పెళ్లాం తిట్లు కూడా పట్టేదట. నమ్మితే నమ్మండి.

"టార్గెట్ మత్రా రేవులో ఆయిల్ ట్యాంకర్ ఓడ," అన్నాడు దేవదాసు. " పేలిందంటే రేవు మీద పనిచేసే నాలుగొందల మంది మసి. ఫజల్‌ను పొడిచిన ముఠాలో మనకో మనిషి ఉంది, అరక్సీ. కలకత్తా ఆర్మీనియన్. అటూ పనిచేస్తుంది, ఇటూ పనిచేస్తుంది."

"ఇంతకీ ఎవరి మనిషి సార్?"

"ఓ పుస్తకం మనిషి."

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలు. అరక్సీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, చంటిబిడ్డలా గుండెకు హత్తుకున్న తోలు పుస్తకం. ఓడ మెట్ల దగ్గర పోచన్న అడ్డం నిలబడ్డాడు.

"ఏం పుస్తకం మేడమ్?"

"ఎడెస్సా పట్నం ఏడుపు, మేస్త్రీ. ఎనిమిది వందల ఏళ్ల కింద పట్నం కూలితే మావాళ్లు పాట కట్టారు. పట్నమే బిడ్డలు చచ్చిన తల్లిలా, మిగతా పట్నాలను పేరుపేరునా పిలిచి ఏడుస్తుంది. పుస్తకం పరాయివాళ్లకు చిక్కితే బందీ అంటాం మేం. మనిషిని విడిపించుకున్నట్టే విడిపించుకుంటాం. ఇది మా అమ్మమ్మ దగ్గర ఎవరో దోచుకుపోయింది. కెప్టెన్ గదిలో ఓ గంట ఉంచి తెచ్చుకో, ఇక నీదే అన్నారు ముఠావాళ్లు."

"జర ఇటియ్యి."

గోడకు గిలాబు పూత గట్టిగా పట్టిందా అని చూసినట్టు, తోలు లోపలి చెక్క అట్టను వేలితో కొట్టాడు. పై అట్ట గట్టిగా పలికింది. కింది అట్ట డొల్ల. చెవి ఆనించాడు. టిక్, టిక్.

ప్రాణం పోయినా ఆ అట్ట ఆమె విప్పదని ముఠాకు తెలుసు.

"బాంబు! నాలుగు కొట్టనీకి నిమిషమే ఉన్నది."

"అట్ట కోసెయ్!"

"కుట్టంతా ఒక్కటే. కోసేలోపు పోతం."

ఆమె పుస్తకం లాక్కుంది. "ఇవ్వను. ఈ పట్నం రెండోసారి చావదు."

కింద సిమెంటు బస్తాలు దింపినవాళ్లు చాయ్ కోసం కొట్లాడుకుంటున్నారు. అరక్సీ అటు చూసింది. పుస్తకాన్ని ముద్దు పెట్టుకుని తనే అందించింది.

"చివరి ఆకు ఒక్కటి ఇవ్వు. రాసినవాడు 'నన్ను మరవొద్దు' అని చదివేవాళ్లను వేడుకునే ఆకు."

పోచన్న చివరాకు చింపాడు, పుస్తకం నీళ్లలోకి విసిరాడు. మూడు సెకన్లు. సముద్రం తాటిచెట్టంత లేచింది.

సాయంత్రానికి ముఠా అంతా దొరికింది. రిపోర్టులో దేవదాసు రాశాడు: "నష్టం, పాత పుస్తకం ఒకటి."

అరక్సీ మాత్రం రేవులోనే కూర్చుని ఉంది. ఒళ్లో ఆకు. రెండువైపులా ఖాళీ. రాసిన ఆకు దానికి ముందుదట.

అవతల చాయ్‌లో ఉప్పునీళ్లు పడ్డాయని నాలుగొందల మందీ ఇంకా తిడుతూనే ఉన్నారు.

"మీ రేవు మిగిలింది మేస్త్రీ," అందామె. "దీని మీద పాట ఎవరు కడతారు?"

"కూలితే కట్టేటోళ్లమ్మా," అన్నాడు పోచన్న. "నిలబడ్డదానికి సున్నం ఏస్తరు, గంతే."