మూల తాకితే చాలు

"ఏమండీ, మా అమ్మ లేసు చిరిగిందని తేల్చింది మీరేనా?"

కొమ్ముగ్లాసులో తెరెరే అనే చల్లటి ఆకుటీ పోసుకుంటున్న దెర్లిస్ తలెత్తాడు. పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో ఆ పొద్దున కురిసిన వానంతా తన జుట్టుతోనే మోసుకొచ్చినట్టు ఉందా అమ్మాయి.

"నేను కాదండీ, మా ప్రోగ్రామ్."

"దాన్ని కన్నదెవరు?"

"నేనే," అని ఒప్పుకున్నాడు పాపం.

రేపటి ప్రదర్శనకు వచ్చిన లేసుల ఫొటోలు చూసి చిరిగినవి ఏరే పని, టోపాలజీ అనే ఆకారాల గణితం చదువుతున్న దెర్లిస్‌ది. లేసును లాగినా, నలిపినా కన్నాల లెక్క మారదు. దారం తెగితే మాత్రం పక్కపక్క కన్నాలు కలిసిపోయి, నమూనా ప్రకారం ఉండాల్సిన లెక్క తగ్గుతుంది. ఈ అమ్మాయి, నిల్సా, వాళ్ళమ్మ ఏడాది పాటు సాలెగూడులా అల్లిన న్యాందుతి లేసుకు అలాగే తగ్గింది. సాయంత్రంలోగా లెక్కలో తప్పు దొరక్కపోతే అది పెట్టెలోనే ఉండిపోతుంది.

నిల్సా లేసును బల్ల మీద పరిచింది. "చూపించండి, ఎక్కడ తెగిందో."

దెర్లిస్ ఎంత వెతికినా తెగిన చోటు దొరకలేదు.

"కూర్చోండి. తెరెరే తాగుతారా?"

"నేను కోపంగా ఉన్నాను."

"చల్లగా ఉంటుంది, పనికొస్తుంది."

నవ్వు ఆపుకుంటూ గ్లాసు అందుకుని, అతను తాగిన స్ట్రాతోనే తాగింది. దెర్లిస్ కంప్యూటర్ తెర మీద ఫొటోను పెద్దది చేశాడు. ఏటవాలు దారం చిన్న చిన్న గడులుగా విడిపోయింది. గడికీ గడికీ మూలలు మాత్రమే తగులుతున్నాయి.

"ఇక్కడ దారం తెగినట్టా, తెగనట్టా?" అంది నిల్సా.

"తెగనట్టే. మూల తాకితే చాలు, అతుక్కున్నట్టే."

"మరి ఈ కన్నం అదే మూలలోంచి పక్క కన్నంలోకి ఎలా దూరింది?"

దెర్లిస్‌కు అప్పుడు కనబడింది. దారాన్ని కలిపిన మూలలోంచే ఖాళీకి కూడా దారి వదిలేశాడు తను; అందుకే దారం తెగకుండానే కన్నాలు కలిసి లెక్క తగ్గింది.

"ఇది మా మొదటి పాఠమండీ."

"ఆ రోజు నువ్వు క్లాసుకు వెళ్ళలేదా?"

"జ్వరం. నీకెలా తట్టింది?"

"ఆర్కిటెక్చర్ చదువుతున్నా. సందులు చూడటమే మా పని."

'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు. ఖాళీకి మూలదారి మూసేసి, దెర్లిస్ ప్రోగ్రామ్‌ను మళ్ళీ నడిపాడు. లెక్క సరిపోయింది. లేసు పేరు ప్రదర్శన జాబితాలోకి ఎక్కింది. నిల్సా గట్టిగా ఊపిరి వదిలింది.

"నీ మోచేయి తగులుతోంది," అంది.

"మూలే కదా."

"మూల తాకితే అతుక్కున్నట్టేనన్నావ్."

"అన్నాను. ఇప్పుడు మాట మారిస్తే మీ అమ్మ లేసు మళ్ళీ చిరుగుతుంది."

నిల్సా చేయి తీయలేదు.

అంతలో వాళ్ళమ్మ చిపాలనే వేడివేడి జున్ను రొట్టెల మూటతో వచ్చింది. సంగతి విని అతని తల నిమిరింది. "నీ మేలు మరిచిపోను బాబూ."

"తప్పు చేసింది నేనేనండీ."

"దిద్దావుగా. తిను."

తన తప్పుకు ఇంత రుణపడిపోతానని దెర్లిస్ ఎన్నడూ అనుకోలేదు.

"కూర్చోమ్మా," అని నిల్సా బెంచీ చూపించింది.

"ఎక్కడే? మీ మధ్య దారప్పోగు కూడా పట్టదు." ఆమె చివరన కూర్చుని, గాజులా గుండ్రంగా ఉన్న చిపా ఒకటి తీసి, తుంచకుండా ఇద్దరి చేతుల్లో కలిపి పెట్టింది.