గేటు దగ్గర రెండో మనిషి

“రేపు మధ్యాహ్నం విమానంలో ఒక ముసలాయన ఎక్కుతాడు. ఆయన క్షేమంగా దిగాలి. అంతే నీ పని,” అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ శొంఠి అంటారు. పెళ్ళీ పెటాకులూ లేవు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసే మనిషి లేదు. ఒంటికాయ శొంఠికొమ్ము అని ఎవరో సరదాకి అన్నారు, అదే కోడ్ నేమ్‌గా స్థిరపడిపోయింది. ప్రాణం మీదికొచ్చే అసైన్‌మెంట్లన్నీ అతనికే ఇస్తారు. పోతే ఇంటికి కబురు పెట్టే శ్రమ ఉండదు కదా.

“ఎవరు సార్ ఆ ముసలాయన?”

“రాడార్ ఇంజనీరు. మన సరిహద్దు రాడార్లకి ఏ మూల చూపు ఆనదో ఆయనకే తెలుసు. చెల్లెల్ని చూడ్డానికి, నువ్వు నెల్లాళ్ళుగా తిరుగుతున్న ఆ చిన్న ఊరే వెళ్ళాడు. ఆయన్ని ఎత్తుకుపోవడానికి, నువ్వు వెతుకుతున్న విదేశీ ముఠా దిగింది. ఎక్కడ ఎత్తుతారో నీకు సీతాకోక చెబుతుంది.”

ఆ పేరు వినగానే శొంఠి గుండె ఒక్క గంతు వేసింది. మొహం మాత్రం గోడలాగే ఉంది. మొహాన్ని అలా ఉంచుకోవడం ప్రభుత్వ ఖర్చుతో నేర్పించారు.

సీతాకోక ఆ ముఠాలో పనిచేస్తూ వాళ్ళ కబుర్లు మనకి చేరవేసే డబుల్ ఏజెంట్. పైకి ఒక సెంట్ల కంపెనీ ప్రతినిధి. ఆమె నడుస్తుంటే సూట్‌కేసులు కూడా తల తిప్పి చూస్తాయని ఆఫీసులో జోకు. శొంఠిని పడగొట్టింది ఆ అందం కాదు. కిందటిసారి కలిసినప్పుడు, చెప్పాల్సిన కబురు చెప్పేశాక, “తిన్నారా?” అని అడిగింది. ఆ మాట తనని చివరిసారి ఎవరు అడిగారో గుర్తు తెచ్చుకోవడానికి అతను చాలాసేపు ప్రయత్నించాడు. గుర్తు రాలేదు.

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. “నొక్కితే మత్తు సూది వస్తుంది. సంతకాలు పెట్టబోకు, ఇంకు లేదు.”

ఆ ఊరికి పెద్ద విమానాలు రావు. పెద్ద ఎయిర్‌లైన్స్ చిన్న ఊళ్ళ కోసం ఒక పిల్ల కంపెనీ పెట్టింది. రంగు తల్లిదే, గుర్తూ తల్లిదే. పెంపకం మాత్రం సవతితల్లి పెంపకం. తల్లి వాడి పారేసిన కుర్చీలు, తల్లి ఉద్యోగులకి బిగుతైపోయిన యూనిఫారాలు, మోకాళ్ళు ఒక చోట మనిషి ఒక చోట కూర్చోవాల్సిన ప్రొపెల్లర్ విమానం.

ఎయిర్‌పోర్టంటే ఒక హాలు. కంపెనీ తరఫున అక్కడ ఉండేది ఒకే ఒక్క మనిషి. అందరూ అక్కయ్య అంటారు. బ్యాగు తూచేది ఆవిడే, బోర్డింగ్ పాసు ఇచ్చేది ఆవిడే. వెనకగదిలోకి వెళ్ళి మైకులో అందర్నీ పిలిచేదీ ఆవిడే. పిలిచాక, చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ గేటు తీసేదీ ఆవిడే. ముఠా జాడ కోసం నెల్లాళ్ళుగా ఆ దారినే తిరుగుతున్న శొంఠికి ఆ చెప్పుల చప్పుడు అలవాటైపోయింది.

మర్నాడు బేరింగులమ్మే సేల్స్‌మన్ వేషంలో, అతికించిన మీసంతో కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

“ఏం బాబూ, కిందటిసారి మీసం ఇంకా ఒత్తుగా ఉండేదే,” అంది అక్కయ్య పాసు ఇస్తూ.

“కత్తిరించాను అక్కయ్యా.”

“ఎడమవైపు ఎక్కువ కత్తిరించారు.”

హాల్లో ఇంజనీరు చేతికర్ర మీద గడ్డం ఆనించి కునికిపాట్లు పడుతున్నాడు. ఆయనకి కాస్త దూరంలో, గేటు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు శొంఠి. కాసేపటికి పక్కన సెంటు వాసన వేసింది.

“మీకు కిటికీ పక్క సీటేనా?” అంది సీతాకోక.

“కిటికీ ఉంది గానీ, చూడ్డానికే ఏం లేదు.”

కోడ్ కలిసింది. ఆమె పత్రిక తిరగేస్తూ, పెదవులు కదలకుండా చెప్పింది. “ఇక్కడేం జరగదు. పెద్ద ఊళ్ళో దిగాక, టాక్సీ స్టాండ్‌లో ఎత్తుతారు.”

“ఖాయమేనా?”

“మీతో అబద్ధమెందుకు చెబుతాను? కళ్ళు చూడండి, ఎలా లోపలికి పోయాయో. నిద్ర పోవడం లేదా? ఆ గేటుకేసి ఏం చూస్తారు గానీ, ఇటు తిరగండి.”

తిరిగాడు. ఒక మనిషి తన కళ్ళకేసి చూసి నిద్ర సంగతి అడుగుతుంటే ఎవడు మాత్రం తిరగడు? నెల్లాళ్ళలో మొదటిసారి వీపు కుర్చీకి ఆనించాడు.

స్పీకర్లో అక్కయ్య గొంతు మొదలైంది. “ప్రయాణీకులకు మనవి...”

అతని వీపు వెనక గేటు కిర్రుమంది. జనం లేచారు.

శొంఠి వెన్ను నిటారైంది. అక్కయ్య ఇంకా మైకులోనే ఉంది. మరి గేటు తీసిందెవరు?

సీతాకోక చెయ్యి అతని మోచేతి మీద పడింది. “ఇంకా టైముంది, కూర్చోండి.” ఆ చెయ్యి విడిపించుకోవడం అతనికి ఆ రోజు పనులన్నిటిలోకీ కష్టమనిపించింది. విడిపించుకుని వెనకగదిలోకి దూకాడు.

“అక్కయ్యా, గేటు దగ్గరెవరు?”

“కొత్తతను బాబూ. పొద్దున్నే దిగాడు. పెద్ద కంపెనీ పంపిందట. నాకు తోడు మనిషిని ఇవ్వమని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. ఇన్నాళ్ళకి దయ కలిగింది.”

తల్లి కంపెనీకి దయ. శొంఠికి ఇంకే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ముఠా పని నేర్చుకున్నది పెద్ద ఎయిర్‌పోర్టుల్లో. మైకుకొకరు, గేటుకొకరు ఉంటారని లెక్కేసుకున్నారు. ఇలాంటి చోట మనిషి తగ్గితే ఎవరూ పట్టించుకోరు. పెరిగితేనే అనుమానం.

గేటు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో ఇంజనీరు లేడు. బయట ఒక కారు కంపెనీ విమానాన్ని దాటి, రన్‌వే కొసన నిలబడ్డ తెల్ల చార్టర్ విమానం వైపు పోతోంది.

“పెద్దవారు కదండీ, నడవలేరని కారు ఏర్పాటు చేశాం,” అన్నాడు కొత్తతను మర్యాదగా. ఇంత ఒద్దికగా యూనిఫారం అమరిన ఉద్యోగిని ఆ కంపెనీలో శొంఠి అంతవరకూ చూడలేదు. పెన్ను అతని మెడకి ఆనించి నొక్కాడు. అతను గేటు మీదికే ఒరిగిపోయాడు. ఎండదెబ్బేమో, నీళ్ళు చల్లండన్నారెవరో.

దగ్గర్లో సామాను లాగే ట్రాక్టరు ఉంది. దాని వేగం సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. సగం దూరం రాకముందే ఇంజనీరుని చార్టర్‌లోకి ఎక్కించేశారు. తలుపు మూశారు. ప్రొపెల్లర్ రివ్వున తిరిగింది. విమానం కదిలింది. శొంఠి పచ్చికలోంచి అడ్డంగా తోలి, ట్రాక్టరుని దాని ముక్కు కిందకి తెచ్చి నిలబెట్టాడు.

దిగి పరుగెత్తలేదు. తను దిగితే పైలట్ ట్రాక్టరుని తప్పించుకుని పోతాడు.

బ్రేకులు కీచుమన్నాయి. ప్రొపెల్లర్ గాలికి మీసం ఊడి ఎగిరిపోయింది. దాని రెక్క అతని మొహానికి జానెడు దూరంలో ఆగింది.

అప్పటికి సెక్యూరిటీ గార్డులు తుపాకులెత్తి చుట్టుముట్టారు. శొంఠి గుర్తింపు కార్డు చూపించాక, తలుపు తీయించి ఇంజనీరుని దింపారు.

“మన విమానం ఇది కాదా?” అన్నాడాయన.

“కాదండీ. మనది ఇంకాస్త పాతది.”

సీతాకోక ఎయిర్‌పోర్టు బయట ఎండలో నిలబడి ఉంది. పారిపోవడానికి టాక్సీ లేదు. ఆ ఊళ్ళో టాక్సీలు విమానం దిగినప్పుడే వస్తాయి. అతన్ని చూసి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు తీసి తనే అందించింది.

“ఒక్క మాట అడగనా?” అన్నాడు శొంఠి. “ఆ రోజు ‘తిన్నారా’ అన్నారు. అది కూడా వాళ్ళు చెప్పమన్నదేనా?”

ఆమె రోడ్డుకేసి చూస్తూ చెప్పింది. “మీకెవరూ లేరని మావాళ్ళకి తెలుసు. అలాంటివాళ్ళకి ఆ ఒక్క మాట చాలని ట్రైనింగులోనే చెబుతారు.”

“బాగానే చెప్పారు,” అన్నాడు. అని, బేడీ ఒక కొస ఆమె చేతికి, రెండో కొస తన చేతికి వేశాడు.

కంపెనీ విమానం ఆలస్యంగా బయల్దేరింది. ముందు సీట్లో ఇంజనీరు గుర్రు పెడుతున్నాడు. వెనక సీట్లలో వాళ్ళిద్దరూ, బేడీ మీద ఆమె స్వెటరు కప్పుకుని. అతని పక్కన ఒక మనిషి ప్రయాణమంతా కూర్చోవడం ఎన్నేళ్ళకో.

మంచినీళ్ళు తెచ్చిన ఎయిర్‌హోస్టెస్ స్వెటరు కింద కలిసి ఉన్న చేతులు చూసి ముచ్చటపడింది. “కొత్త జంటాండీ? దిగేదాకా చెయ్యి వదిలేలా లేరు.”

సీతాకోక కిటికీ వైపు తిరిగింది.

“తాళంచెవి ఆఫీసులో మర్చిపోయానమ్మా,” అన్నాడు శొంఠి.

ఎయిర్‌హోస్టెస్ పకపకా నవ్వింది. ఇంత సర్వీసులోనూ అతను డ్యూటీ మీద ఉండి చెప్పిన నిజం అదొక్కటే. అదీ ఎవరూ నమ్మలేదు.